వరుసలు, కాలమ్‌లు మనకు కొత్తనా చెల్లే?

“కోడింగ్ రాదక్కా, మా సంఘం వెబ్‌సైట్‌ల వడ్ల లెక్కల పట్టిక ఎట్ల పెట్టాలె?” అని అడుగుతున్నవు. ముందుగాల నాకొకటి చెప్పు. మీటింగ్ మీటింగ్‌కు పొదుపు, అప్పు, వడ్డీ, కిస్తీ అని గీతలు కొట్టి, ఒక్కొక్కరి పేరు ఎదురుంగ అంకెలు నింపే పుస్తకం ఎవరి చేతిల ఉంటది? నీ చేతిలనే కదా. మహిళా సంఘాల లెక్కలు రాసే వీవోఏగ ఇన్నేండ్ల నుంచి పట్టికలతోనే బతుకుతున్నవు. ఆ పుస్తకాన్ని అందరు చూసేటట్టు గోడకు పెట్టుడే వెబ్‌సైట్ అంటే. గోడ కట్టేటోళ్ళు వేరే ఉన్నరు, మేకు కొట్టేటందుకు కూడ తయారు వస్తువులు దొరుకుతున్నయి. నీ పని లెక్క సరిగ్గ రాసుడు.

అందరు భయపడేది కోడ్‌కు. ఇబ్బంది పెట్టేది మాత్రం వేరే ఉంటది. పట్టికల ఒక వరుస అంటే ఏంది? ఇది తేల్చుకోకుంట కంప్యూటర్ ముంగట కూసుంటే ఎంత చదువుకున్నోళ్ళకైన తిప్పలే.

మహిళా సంఘాలు నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రమే తీసుకుందాం. సదర్మాట్ ఆనకట్ట కింద పారే ఊరి రైతు ఒకాయన యాసంగి వడ్లు తెచ్చి కుప్ప పోసిండు. సగం ఆరినయి, కాంటా అయినయి. మిగిలిన సగానికి తేమ 17 శాతం కంటె ఎక్కువ ఉన్నదని ఆపిన్రు, నాలుగు రోజులు ఎండబోసినంక మళ్ళ తూకం వేసిన్రు. ఇప్పుడు ఆయన పేరు మీద ఒక వరుస రాస్తవా, రెండు రాస్తవా? ఒకటే రాస్తే తేది గడిల రెండు తేదీలు పడ్తయి, తేమ గడిల రెండు అంకెలు పడ్తయి, ట్రక్ షీట్ నంబర్లు కూడ రెండైతయి. అసొంటి గడి చూసి మనిషికైతే అర్థమైతది గని కంప్యూటర్ మొత్తం కూడలేదు, వరుస పెట్టలేదు. నన్నడిగితే వరుస అంటే రైతు కాదు, ఒక కాంటా. కాంటా అయినప్పుడల్ల కొత్త వరుస. కాలమ్‌లు ఏవంటే తేది, రైతు పేరు, ఊరు, సంచులు, తేమ, క్వింటాళ్ళు, పోయిన మిల్లు, పైసలు పడ్డ తేది. రైతు ఒక్కొక్కరికి మొత్తం ఎంతో కావాల్నంటే ఆ వరుసల్లనుంచి కూడి తీసుకోవచ్చు. మొత్తం రాసిపెట్టుకుంటే మాత్రం దాన్ని విడగొట్టి ఏ రోజు ఎంతో తెలుసుకునుడు ఎవ్వరి తోని కాదు.

పైసలు పడ్డ తేది కాలమ్ మర్చిపోకు. ఊర్ల ఎవ్వరినడిగినా అదే చూస్తరు. కాంటా తేదీకి, పైసలు పడ్డ తేదీకి నడుమ ఎన్ని రోజులు పట్టిందో ఆ రెండు కాలమ్‌లే చెప్తయి, నువ్వు ప్రత్యేకంగ ఏం రాయాల్సిన పని లేదు.

ఒక కాలమ్ ఉండుడు, లేకపోవుడు చిన్న ముచ్చట అనుకుంటవేమో. పాత భూమి రికార్డు పహాణి యాదికి తెచ్చుకో. పట్టాదారు పేరు ఒక కాలమ్‌ల, అనుభవదారు పేరు ఇంకో కాలమ్‌ల ఉండేటివి. పట్టా ఒకరి పేరు మీద, దున్నుడు ఇంకొకరు అయితే ఆ రెండో కాలమ్ వాళ్ళకు ఎంతో కొంత అండ. 2020 అక్టోబర్ 29న భూముల రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది, అండ్ల అనుభవదారు కాలమ్ లేదు. ఊర్లల్ల ఎంత రచ్చ అయ్యిందో నువ్వు చూసినవు. 2025 ఏప్రిల్‌ల దాని జాగల భూభారతి వచ్చేదాక ఆ కాలమ్ మీద మాట్లాడని రైతు లేడు. దాని మంచిచెడ్డలు రాజకీయం చేసేటోళ్ళకు ఇడిచిపెడ్తున్న. నేను చెప్పేది ఏందంటే, పట్టిక తయారు చేసేటోళ్ళు ఏ గడి పెట్టలేదో ఆ గడిల ఉండాల్సిన మనుషులు కనపడకుంట పోతరు. అందుకే శీర్షికలు రాసేటప్పుడు ఒక్కదానివే కూసోని రాయకు. హమాలీలను, రైతులను, సంఘం అధ్యక్షురాలిని అడుగు. ఇద్దరు ముగ్గురితోని మాట్లాడితే రెండు కాలమ్‌లు పెరుగుతయి, ఒకటి అక్కెర లేదని తేలుతది.

ఇగ కంప్యూటర్ దగ్గరికి వద్దాం. గూగుల్ షీట్స్‌ల ఒక ఫైల్ తెరువు. మొదటి వరుసల శీర్షికలు, ఆ కిందినుంచి లెక్కలు. రెండు గడులు కలిపి ఒక పెద్ద గడి చేసుడు చూసేటందుకు మంచిగుంటది గని తర్వాత వరుస పెట్టనియ్యదు. నడుమల నడుమల “మొత్తం” అని రాయకు, దానికి వేరే ట్యాబ్ పెట్టు.

గడిల అంకె ఒక్కటే ఉండాలె. 2025-26 వానాకాలం మద్దతు ధర ఏ గ్రేడ్ వడ్లకు 2,389, సాధారణ రకానికి 2,369, మక్కలకు 2,400, సోయాకు 5,328 రూపాయలు. “రూ. 2,389 క్వింటాల్‌కు” అని గడిల రాసినవనుకో, కంప్యూటర్ దాన్ని అంకె అనుకోదు, మాట అనుకుంటది. అప్పుడు తక్కువ నుంచి ఎక్కువకు వరుస పెట్టుమంటే పసుపు ధర 12,000 ఉన్నదనుకో, అది వచ్చి వడ్లు 2,369 కంటె ముంగట కూసుంటది, ఎందుకంటే ఒకటి రెండు కంటె చిన్నది కదా! “ధర, రూపాయల్లో, క్వింటాల్‌కు” అని శీర్షికల ఒక్కసారి రాసి, కింద ఉత్త అంకెలు పెట్టు.

తేదీలతోని ఇంకో పరేషాన్ ఉంటది. 3/4 అని నువ్వు రాస్తే ఏప్రిల్ మూడు. షీట్ అమెరికా లెక్కల ఉంటే అది మార్చి నాలుగు. ఫైల్ మెనూల సెట్టింగ్స్‌కు పోయి, లోకేల్ దగ్గర ఇండియా అని మార్చుకో. ఇది నీ ఒక్కదాని బాధ గాదు. ప్రపంచంల పేరున్న సైంటిస్టులు మార్చ్1, సెప్ట్1 అని జన్యువులకు పేర్లు పెట్టుకుంటే ఎక్సెల్ వాటిని తేదీలు చేసి పారేసింది. తిప్పలు పడి పడి చివరికి 2020ల జన్యువుల పేర్లే మార్చుకున్నరు! ఎక్సెల్‌ను మార్చుడు కంటె అదే అల్కగ అయ్యింది చూడు.

పొడుగు నంబర్లు కూడ గట్లనే. సున్నాతోని మొదలయ్యే నంబర్ రాస్తే ముంగటి సున్నా మాయమైతది. అసొంటి కాలమ్ మొత్తాన్ని ఎంచుకోని, ఫార్మాట్‌ల ప్లెయిన్ టెక్స్ట్ అని పెట్టినంకనే రాయి.

లెక్క తయారైనంక సైట్‌ల పెట్టుడు అద్దగంట పని. నీ సైట్ దేంట్ల ఉన్నదో దాన్నిబట్టి ఉంటది. గూగుల్ సైట్స్‌ల అయితే ఇన్సర్ట్‌ల షీట్స్ అని ఉంటది, నొక్కి నీ ఫైల్ ఎంచుకునుడే. ఒక్కటి యాదికి పెట్టుకో: ఆ ఫైల్‌ను చూసేటోళ్ళందరికీ షేర్ చేయకుంటే నీకు కనపడ్తది, ఊరోళ్ళకు కనపడది. నీ ఫోన్‌ల చూసి “మంచిగనే ఉన్నది కదా” అనుకుంటవు. ఇంకొకరి ఫోన్‌ల చూడు.

బ్లాగర్‌ల అయితే షీట్‌ల ఫైల్ మెనూ, షేర్, పబ్లిష్ టు వెబ్, అండ్ల ఎంబెడ్. పబ్లిష్ నొక్కితే ఒక ముక్క కోడ్ ఇస్తది. నువ్వు రాయాల్సిన కోడ్ గాదు, కాపీ చేయాల్సింది మాత్రమే. బ్లాగర్‌ల పోస్ట్ తెరిచి, పెన్సిల్ బొమ్మ దగ్గర హెచ్‌టీఎంఎల్ వ్యూకు మార్చి అతికించాలె. దీని లాభం ఏందంటే రేపు షీట్‌ల అంకె మారిస్తే సైట్‌ల దానంతట అదే మారుతది, కొన్ని నిమిషాలు ఆలస్యంగ. ఫోన్ యాప్‌ల ఈ పబ్లిష్ టు వెబ్ కనపడదు, కంప్యూటర్‌ల తెరువాలె. ఇంట్ల లేకుంటే మీ సేవ పక్కన నెట్ సెంటర్‌ల ఒక్కసారి చేసుకుంటే అయిపాయె. తర్వాత అంకెలు మార్చుడు ఫోన్‌లనే చేసుకోవచ్చు.

వర్డ్‌ప్రెస్‌ల అయితే ఇంకా అల్క. 2018 డిసెంబర్‌ల 5.0 వచ్చినప్పటి నుంచి అండ్ల టేబుల్ అనే బ్లాక్ ఉన్నది. షీట్‌ల నుంచి కాపీ చేసి పేజీల అతికిస్తే పట్టికగనే పడ్తది. చిన్న ధరల పట్టికకు అది సాలు. నూర్ల వరుసలున్నయి, చూసేటోళ్ళు తమ ఊరి పేరు కొట్టి వెతుక్కోవాలె అంటే టేబుల్‌ప్రెస్ అనే ప్లగిన్ పెట్టుకో. టోబియాస్ బేట్‌గే అనే జర్మనీ ఆయన చేసిండు, ఉచితమే. అండ్ల పట్టిక దించుకోని, అది ఇచ్చే చిన్న షార్ట్‌కోడ్‌ను పేజీల పెడితే వెతికే డబ్బా, వరుస మార్చే బాణాలు అన్నీ వస్తయి. గని ఇండ్ల పెట్టిన పట్టిక నీ షీట్‌కు నకలు. షీట్ మారిస్తే ఇది మారదు, మళ్ళ దించుకోవాలె. దినాం మారే లెక్కకు షీట్‌నే ఎంబెడ్ చేసే పద్ధతి మేలు.

చదువు తక్కువ ఉండబట్టే కోడ్ రాయకుంట చేస్తున్నం అని చిన్నగ అనుకోకు. మన నిర్మల్ జిల్లా వెబ్‌సైట్ కూడ ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వాళ్ళు తయారుచేసి పెట్టిన ఎస్3వాస్ చట్రం మీదనే నడుస్తది, ఆఫీసులోళ్ళు పేజీలు నింపుకునుడే. అసలు వెబ్ పుట్టిన సెర్న్‌ల మొదట్ల జనానికి అక్కెరకొచ్చింది ఏంది? వాళ్ళ ఆఫీసు ఫోన్ నంబర్ల పట్టీ! టిమ్ బెర్నర్స్ లీ అంత పెద్ద ఉపాయం చేస్తే, జనం దాన్ని వాడింది పక్క గదిలాయన నంబర్ వెతుక్కునేటందుకు. నాకైతే మస్తు నవ్వొచ్చింది.

ఇప్పుడు జర గట్టిగ చెప్తున్న, ఇను. పబ్లిష్ టు వెబ్ నొక్కినప్పుడు అది మొత్తం ఫైల్‌ను బయటపెడ్తా అంటది. నువ్వు అండ్ల ఒక్క ట్యాబ్‌నే ఎంచుకోవాలె. రైతుల ఆధార్, బ్యాంక్ ఖాతా, ఫోన్ నంబర్లు ఉన్న ట్యాబ్ అదే ఫైల్‌ల ఉంచకు. వేరే ఫైల్ చేయి, షేర్ చేయకు. ఎవరెన్ని కిస్తీలు బాకీ ఉన్నరో సైట్‌ల పెడదామని మీ సంఘంల ఎవరన్న అంటే వద్దను. బీడీలు చుట్టి, కూలికి పోయి కిస్తీ కట్టే ఆడోళ్ళ పేర్లు ఊరందరి ముంగట ఎందుకు పెట్టాలె? మీటింగ్‌ల మాట్లాడుకునే ముచ్చట అది. 2023ల వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఉండనే ఉన్నది, అది లేకున్నా నేను ఇదే చెప్తుండె. కాంటా పట్టికల పేరుకు బదులు టోకెన్ నంబర్ పెట్టు. ఎవరి టోకెన్ వాళ్ళకు ఎరుకే.

ఇంకో అలవాటు ఉన్నది మనోళ్ళకు. పుస్తకం పేజీ ఫోటో తీసి సైట్‌ల పెట్టుడు. ఫోటోల ఉన్న అంకెను వెతకలేం, కూడలేం, కండ్లు కనపడనోళ్ళకు ఫోన్ చదివి వినిపియ్యదు. దుబాయ్‌ల, మస్కట్‌ల ఉన్న తమ్ముండ్లు ఇంటి వడ్లు ఎంత పడ్డయని ఫోన్‌ల చూస్తే అక్షరాలు చీమలోలె కనపడ్తయి. డీటీపీ సెంటర్‌ల కొట్టించిన జాబితా తెచ్చి అతికిస్తే మరీ అన్యాయం. వాళ్ళు అను ఫాంట్లల్ల కొడ్తరు, సైట్‌ల పడంగనే తెలుగు పోయి పిచ్చి గీతలు వస్తయి. యూనికోడ్‌ల కొట్టియ్యమని ముందే చెప్పాలె. లేదంటే నీ ఫోన్ కీబోర్డ్‌లనే కొట్టుకో, అది యూనికోడే.

ఫోన్‌ల చూసేటోళ్ళే ఎక్కువ కాబట్టి కనపడే కాలమ్‌లు నాలుగైదు దాటనియ్యకు. నీ అసలు షీట్‌ల పది ఉండని, సైట్‌ల పెట్టే ట్యాబ్‌ల టోకెన్, తేది, క్వింటాళ్ళు, పైసలు పడ్డ తేది సాలు.

పట్టిక పెట్టినంక దాన్ని చూసుకునేటోళ్ళు కావాలె. 2016 అక్టోబర్ 11న మన ఖానాపూర్ ఆదిలాబాద్ నుంచి నిర్మల్ జిల్లాకు వచ్చింది. ఇన్నేండ్లయినా ఏదో ఒక సైట్‌ల పాత జిల్లా పేరుతోనే మన ఊర్లు కనపడ్తయి. ఎవరో మంచి మనసుతోని పెట్టిన్రు, తర్వాత ఎవ్వరు తిరిగి చూడలేదు. నీ పట్టిక మీద “చివరిసారి మార్చిన తేది” అని ఒక లైన్ రాయి. సీజన్ అయిపోయినంక “ఈ సీజన్ కొనుగోళ్ళు ముగిసినయి” అని రాసి వదిలెయ్. నువ్వు లేనప్పుడు మార్చేటందుకు ఇంకో చెల్లెకు కూడ షీట్‌ల ఎడిటర్‌గ హక్కు ఇయ్యి. నీ పాస్‌వర్డ్ మాత్రం ఇయ్యకు.

సంప్రదించాల్సిన నంబర్ అని ఒకటి పెట్టాల్సి వస్తది కదా, అది సమాఖ్య ఆఫీసుది పెట్టు, నీది పెట్టకు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి “అమ్మా, సన్న వడ్లకు బోనస్ పడ్డదా?” అని అడుగుతరు, మీ ఆయన లేచి కూసుంటడు.