అమ్మానాన్నల మొదటి రోజు: ఒక లైను పాఠం

"మీ బ్రాంచ్ సబ్జెక్టు ఏదైనా ఒకటి తీసుకుని తెలుగులో అందరికీ అర్థమయ్యేలా రాయండి" అని క్లబ్ వాళ్లు అడిగినప్పుడు నేనే ముందు చెయ్యెత్తాను. ఎత్తాక భయమేసింది. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ నేను. "వరుస" అనే మాట తెలుసు గానీ మా ఇంట్లో ఎవరూ అలా అనరు, "లైను" అంటారు. అందుకని ఈ వ్యాసంలో కూడా లైనే. సబ్జెక్టు క్యూయింగ్ థియరీ, అంటే లైన్ల లెక్కలు. ఉదాహరణ మా అమ్మానాన్నలు.

మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. నాన్న ఒకప్పుడు అరటి గెలల లోడుతో హైదరాబాద్ లారీ తోలేవారు, ఇప్పుడు ఊళ్లోనే చిన్న కొట్టు. అమ్మ మిషను కుడుతుంది. పెళ్లయి పాతికేళ్లయినా గుళ్లకీ పెళ్లిళ్లకీ తప్ప ఇద్దరూ కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. అందుకే అక్కా నేనూ డబ్బులు వేసుకుని రామోజీ ఫిల్మ్ సిటీకి రెండు రోజులు పంపించాం. రాత్రి అక్కడే లోపలున్న హోటల్లో బస. డబ్బుల్లో ఎక్కువ వాటా అక్కది. ప్లాన్ మొత్తం నాది.

ఆ ప్లాన్ గురించే ఈ పాఠం.

నేను వేసిన ప్లాన్

రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. గిన్నిస్ వాళ్లు ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో కాంప్లెక్స్‌గా రికార్డు ఇచ్చారు, 1,666 ఎకరాలు. బస్సు టూరు, సెట్లు, తోటలు, బర్డ్ పార్కు, స్టంట్ షో, రైడ్లు... ఒక్క రోజులో అన్నీ అయ్యే పని కాదు. నేను తొమ్మిది తీసుకున్నాను. తొమ్మిదింటిని ఎన్ని రకాల వరుసల్లో చూడొచ్చు? 9 × 8 × 7 × ... × 1, అంటే 3,62,880 రకాలు. పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసి అన్నీ చెక్ చేయించాను. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత నడక, ఏ షో ఎన్నింటికి, ఎక్కడ లైను ఎంత ఉండొచ్చు అన్నీ అందులో పెట్టాను. తక్కువ టైం పట్టే వరుస వచ్చింది. దాన్ని షీట్‌లో వేసి, రంగులు కొట్టి, ప్రింట్ తీసి నాన్న జేబులో పెట్టాను.

అందులో లైను టైం ఎలా లెక్కేశానో చెప్తాను. ఇది మీకూ పనికొస్తుంది.

లిటిల్ సూత్రం

లైన్ల లెక్క టెలిఫోన్లతో మొదలైంది. ఎర్లాంగ్ అనే డెన్మార్క్ ఆయన కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. ఎంతమంది ఫోన్ చేస్తే ఎన్ని లైన్లు కావాలి అన్న ప్రశ్న మీద 1909లో పేపర్ రాశాడు. తర్వాత 1961లో జాన్ లిటిల్ అనే ప్రొఫెసర్ ఒక సూత్రానికి ప్రూఫ్ ఇచ్చాడు. ఎంత సింపుల్ అంటే, మొదటిసారి క్లాసులో విన్నప్పుడు "దీనికి ప్రూఫ్ కూడా ఎందుకు?" అనుకున్నాను.

లైన్లో ఉన్నవాళ్లు = నిమిషానికి వచ్చేవాళ్లు × ఒక్కొక్కరు లైన్లో ఉండే నిమిషాలు.

అంతే. ఇది సగటు మీద, లైను నిలకడగా నడుస్తున్నప్పుడు పనిచేస్తుంది. దీన్ని తిరగేస్తే మనకి కావలసింది వస్తుంది. ఒక రైడ్‌లో ఒకసారికి 24 మంది పడతారు, మూడు నిమిషాలకోసారి నడుస్తుంది అనుకుందాం. అంటే నిమిషానికి 8 మంది లోపలికి వెళ్తున్నారు. మీ ముందు 120 మంది ఉన్నారు. 120ని 8తో భాగిస్తే 15 నిమిషాలు. ఈసారి ఎక్కడైనా లైన్లో నిలబడితే తలలు లెక్కపెట్టి, రెండు మూడు రౌండ్లు గమనించి చూడండి. ఇంచుమించు కరెక్టుగా వస్తుంది.

తొమ్మిది మంది ఎక్కువైతే

రెండో విషయం ఇంకా ముఖ్యం. ఒక కౌంటర్ గంటకి 60 మందికి టికెట్ ఇవ్వగలదు. జనం ఇష్టమొచ్చినట్టు వస్తారు, ఒకరికి ఎక్కువ టైం పడుతుంది, ఒకరికి తక్కువ. ఇలాంటి లైనుకి టెక్స్ట్‌బుక్‌లో ఉన్న సూత్రం ప్రకారం, గంటకి 48 మంది వస్తుంటే ఒక మనిషి వచ్చి టికెట్ తీసుకుని వెళ్లడానికి సగటున 5 నిమిషాలు. 54 మంది వస్తే 10 నిమిషాలు. 57 మంది వస్తే 20 నిమిషాలు. 48కీ 57కీ తేడా తొమ్మిది మందే, టైం మాత్రం నాలుగు రెట్లు. 60కి చేరితే ఆ లైను ఇక పెరుగుతూనే ఉంటుంది.

అంటే దేన్నైనా పూర్తిగా నింపేస్తే, చిన్న ఆలస్యం కూడా పెద్దదైపోతుంది. కొంచెం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ వేస్టు కాదు, దానివల్లే మిగతాదంతా నడుస్తుంది.

పార్కుల వాళ్లకి ఇది అనుభవం మీద తెలిసింది. అమెరికాలో డిస్నీలాండ్ మొదటి రోజు, 1955 జులై 17న, నకిలీ పాసులతో కూడా జనం వచ్చేసి అనుకున్నదానికంటే బాగా ఎక్కువైపోయారు. 1999లో వాళ్లు ఫాస్ట్‌పాస్ అని తెచ్చారు. ఫలానా టైముకి రండి అని ఒక చీటీ ఇచ్చేవారు, ఈలోపు ఎక్కడైనా తిరిగే వీలుండేది. మనకి కొత్తేం కాదు, తిరుమలలో టైమ్ స్లాట్ టోకెన్ తీసుకున్నవాళ్లందరికీ ఇది తెలుసు.

ఇదంతా తెలిసిన నేను వేసిన షీట్‌లో ఖాళీ ఎంతో తెలుసా? రోజు మొత్తం మీద భోజనంతో కలిపి నలభై నిమిషాలు.

మొదటి రోజు

రెండో శనివారం. శుక్రవారం రాత్రి రాజమండ్రిలో గౌతమి ఎక్కారు. తెల్లారేసరికి సికింద్రాబాద్, అక్కడి నుంచి కారు. మామూలుగా హోటల్ గది అంటే మధ్యాహ్నమే ఇస్తారు. ఆ సంగతి నాకు తెలుసు, "టైం కలిసొస్తుంది, సామాను అక్కడ పెట్టేసి తిరిగేయండి" అన్నాను. రాత్రంతా రైల్లో కూర్చున్నట్టే పడుకున్న యాభై ఏళ్ల మనిషికి పొద్దున్నే ఒక స్నానం, ఒక గంట నిద్ర కావాలని నా ప్రోగ్రాంలో ఎక్కడా రాయలేదు.

నాన్న ఫోన్లో లైవ్ లొకేషన్ ఆన్ చేయించాను, ఎనిమిది గంటలకి. ఇక్కడ హాస్టల్లో కూర్చుని ఆ చుక్కని చూస్తున్నాను. మొదటి రెండూ టైముకే అయ్యాయి. బస్సు టూరు అయ్యాక అమ్మ ఫోన్ చేసింది. "ఎయిర్‌పోర్టు సెట్టు చూశాం రా నాన్నా. విమానం ఎక్కకపోయినా ఎయిర్‌పోర్టు చూసేశాను" అని నవ్వింది. నేను షీట్‌లో టిక్ పెట్టాను.

పదకొండూ నలభైకి చుక్క ఆగిపోయింది. పన్నెండయింది, కదల్లేదు. పన్నెండుంపావు. అక్కడ ఉండాల్సింది పదిహేను నిమిషాలే. ఫోన్ చేశాను.

"నాన్నా, ఎక్కడున్నారు? తర్వాతది మిస్సయిపోతారు."

"ఇక్కడే రా, తోటలో కూర్చున్నాం. మీ అమ్మ లైన్లోకి రానంది."

"ఎందుకు? పదిహేను నిమిషాల లైనే అది. లెక్కేశాను నేను."

"రెండు పక్కలా గొట్టాలున్నాయి కదరా. వెనక జనం వస్తున్నారు. వద్దండీ అని చెయ్యి పట్టుకుని ఇవతలకి లాక్కొచ్చేసింది."

"అదేంటి, అది మామూలు లైను. అన్ని చోట్లా అలాగే ఉంటుంది."

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు. "పుష్కరాలప్పుడు నువ్వూ ఉన్నావు కదరా. మర్చిపోయావా?"

మర్చిపోలేదు, కలపలేదు

2015 జులై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు. రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. మన జిల్లాల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఆ పొద్దున మేమూ రాజమండ్రిలోనే ఉన్నాం. ఘాట్ దాకా వెళ్లలేదు, రోడ్డు మీద జనంలోనే ఇరుక్కుపోయాం. నేను చిన్నవాణ్ని. నాకు గుర్తున్నది రెండే. చుట్టూ నడుములూ సంచులూ తప్ప ఏమీ కనపడకపోవడం, అమ్మ నా మణికట్టు పట్టుకున్న పట్టు. ఇంటికొచ్చాక కూడా ఎర్రగా ఉంది. ఆ తర్వాత అమ్మ తిరునాళ్లకి వెళ్లడం మానేసింది. సినిమాకి కూడా మొదటి వారం వద్దంటుంది. "అమ్మకి జనం పడదు" అనుకునేవాళ్లం, అంతే. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు.

తేడా ఏంటంటే, లైను వేరు, జనం వేరు. లైన్లో నా ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది తెలుసు. ముందొచ్చినవాడు ముందెళ్తాడు. జనం గుంపైపోయాక ఆ వరుస ఉండదు. వెనకవాళ్లకి ముందేం జరుగుతోందో తెలీదు, నెడతారు, ముందువాళ్లకి ఆగే చోటుండదు. లిటిల్ సూత్రం లైనుకి పనిచేస్తుంది. కానీ ఒకసారి గుంపులో చిక్కుకున్న మనిషికి, ప్రతి లైనూ గుంపు అయ్యేలాగే కనిపిస్తుంది. ఆ మనిషి లైన్లో గడిపే పదిహేను నిమిషాలు నా షీట్‌లో ఉన్న పదిహేను నిమిషాలు కావు.

దీని మీద కూడా చదువుకున్నవాళ్లు రాశారు. 1985లో డేవిడ్ మైస్టర్ అనే ఆయన లైన్లో నిలబడ్డవాళ్ల మనసు గురించి రాసిన వ్యాసం ఉంది. ఏ పనీ లేకుండా నిలబడితే టైం ఎక్కువ అనిపిస్తుంది, ఎంతసేపో తెలియకపోతే ఇంకా ఎక్కువ, భయం ఉంటే ఇంకా ఇంకా ఎక్కువ. చదివాను నేను. మార్కులొచ్చాయి కూడా. మా అమ్మకి మాత్రం కలిపి చూసుకోలేదు.

ఆ గంటన్నర

ఫోన్ పెట్టేశాక షీట్ మూసేశాను. లొకేషన్ కూడా ఆపేయమని మెసేజ్ పెట్టాను. నాన్నకి ఎలా ఆపాలో తెలీక అది సాయంత్రం దాకా అలాగే ఉంది. నేను చూడలేదు. సరే, రెండుసార్లు చూశాను.

తర్వాత అక్క చెప్పింది, ఆ బెంచీ మీద గంటన్నర కూర్చున్నారట. ఆ ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే పక్కనే ఉంటుంది. నాన్న లారీ తోలేటప్పుడు ఆ దారిలోనే వెళ్లేవారు. లోపల షూటింగ్ జరుగుతుంటుందని క్లీనర్ కుర్రాడితో చెప్పుకుంటూ ఎన్నోసార్లు ఆ గేటు దాటారట గానీ, గెలలు మగ్గిపోతాయని ఒక్కసారీ ఆగలేదట. ఈ సంగతి పాతికేళ్లలో అమ్మకి చెప్పలేదు. ఆ రోజు చెప్పారు. అమ్మ పుష్కరాల సంగతి చెప్పిందట. చెయ్యి వదిలేస్తానేమోనని ఎంత భయపడిందో. అది కూడా నాన్నకి అప్పటిదాకా చెప్పలేదట.

రెండు దాటాక గదికి వెళ్లి పడుకున్నారు. తొమ్మిదిలో మూడే చూశారు. రాత్రి వీడియో కాల్‌లో అమ్మ మొహం కడుక్కుని, జడ వేసుకుని ఫ్రెష్‌గా ఉంది. "నీ కాగితం పాడు చేసేశాం కదరా" అంది. నాకేం మాట్లాడాలో తెలీలేదు. "భోంచేశారా?" అని అడిగాను.

ఇప్పుడు నా రూల్స్

మీరూ ఎవరినైనా పంపిస్తుంటే, లేదా మీరే వెళ్తుంటే, మొదటి రోజుకి ఇవి రాసుకోండి.

1. రాత్రి ప్రయాణం చేసి దిగిన రోజు పొద్దున ఏమీ పెట్టొద్దు. హోటల్‌కి ముందే ఫోన్ చేసి గది ఎన్నింటికిస్తారో కనుక్కోండి. స్నానానికి చోటుంటుందేమో కూడా అడగండి.

2. రోజులో మూడో వంతు ఖాళీ ఉంచండి. 57 మంది లెక్క గుర్తుంచుకోండి. మన ఇళ్లలో గంటకి 60 ఇచ్చే కౌంటర్ సాధారణంగా అమ్మ మోకాళ్లే.

3. తలలు లెక్కపెట్టి టైం చెప్పండి. "పావుగంట పడుతుందమ్మా, మధ్యలో బయటికి రావాలంటే ఇటు దారుంది" అని చెప్తే సగం భయం తగ్గుతుంది.

4. ప్రోగ్రాం రన్ చేసే ముందు మనుషుల్ని అడగండి. ఏం చూడాలనుంది, ఏం వద్దు, ఎందుకు వద్దు. నేను 3,62,880 వరుసలు చెక్ చేశాను గానీ ఈ మూడూ అడగలేదు. క్లాసులో దీన్ని కన్‌స్ట్రెయింట్ అంటాం. అది రాయకపోతే ప్రోగ్రాం తప్పు చెప్పదు, వేరే ఎవరికో కరెక్ట్ అయిన జవాబు మనకిస్తుంది.

రెండో రోజు ప్లాన్ అమ్మే వేసింది. బర్డ్ పార్కు, ఇంకోసారి తోట. రెండే. బాగా జరిగింది.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. అమ్మ వస్తుందో రాదో నాకు తెలీదు. ఈసారి ముందు అడుగుతాను. రానంటే ఇంటికే బిందెతో నీళ్లు తెస్తాను. వస్తానంటే మాత్రం జనం తక్కువుండే రోజు, చిన్న రేవు చూసి పెడతాను. ఆ లెక్క నాకొచ్చు.