కొత్త బండి మీద గూళ్ల మూటలు ఎప్పుడు వేయాలి?

పోయిన పంట డబ్బుతో కొత్త బండి తీసుకున్నామని మన గ్రూపులో కొందరు ఫోటోలు పెట్టారు. సంతోషం. మర్నాడే దాని మీద ఆకు మోపులు కట్టకండి అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మేము చేసిన తప్పు అదే. బండి తెచ్చిన మూడో రోజే గూళ్లు దింపాం. వేలం మొదలయ్యే లోపల శిడ్లఘట్ట మార్కెట్టుకు చేరాలని 60 కిలోల మూటలు, వెనక తమ్ముడు, యాక్సిలేటర్ ఆఖరుదాకా తిప్పి పోయినాం. ధర బాగానే పలికింది. ఏడాది తిరక్క ముందే సైలెన్సర్ నుంచి నీలం పొగ, మాటిమాటికీ ఆయిల్ పోయడం. మెకానిక్ విప్పి, రింగులు మొదట్లోనే చెడినాయి, బోరు చేయించాలన్నాడు. ఆ ఖర్చు ముందు పలికిన ధర ఏపాటిది!

కొత్త సిలిండర్ గోడ మీద సన్నని గీతలుంటాయి, ఫ్యాక్టరీలో కావాలనే గీస్తారు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు పిస్టన్ రింగులు ఆ గోడకు రాసుకుంటూ దానికి సరిగ్గా కూర్చోవాలి. కూర్చుంటేనే ఆయిల్ పైకెక్కి కాలిపోదు. ఆ పని కాకముందే బరువేసి బాగా వేడెక్కిస్తే రింగులూ గోడా గీరుకుపోతాయి. చాకీ పురుగుకు ముదురాకు వేస్తామా?

అట్లని నత్తలా ఒకే వేగంతో పోయినా రింగులు సరిగా కూర్చోవు. వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. ఎంత దాటకూడదో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది; మా 100 సీసీ బండిని మొదటి 500 కిలోమీటర్లు 45 దాటనివ్వలేదు. మిట్ట ఎక్కేటప్పుడు టాప్ గేరులో గింజుకోనివ్వకుండా గేరు తగ్గించాలి. పొద్దున్నే స్టాండు మీద పెట్టి రయ్యిమనిపించడం పిల్లలకు సరదా, ఇంజన్‌కు కాదు.

మొదటి సర్వీసు మాత్రం తప్పొద్దు. ఆ ఆయిల్‌లో అరిగిన ఇనుప పొడి ఉంటుంది, తీసేయాల్సిందే. నాలుగో జ్వరం లేచాక ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు, అక్కడే చాలామంది వాయిదా వేస్తారు.

అందుకే ఈసారి రెండో జ్వరం దాటిన చాకీ తెచ్చిన రోజే బండీ తెచ్చుకున్నాం. గూళ్లు దింపేసరికి దాదాపు మూడు వారాలు. రోజుకు 25 కిలోమీటర్లు తిరిగితే 525 అవుతాయి. సర్వీసు చేయించినంక కూడా ఆ పంట గూళ్లు పక్కింటోళ్ల ఆటోలోనే పంపినాం, బాడుగ చెరిసగం.