అప్రెంటిస్‌షిప్: పుదుచ్చేరి నుంచి యానాం దాకా

పుదుచ్చేరి పట్టణం పక్కనే వీరాంపట్టిణం. ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ 1998లో విల్లియనూర్ కేంద్రంగా మొదలుపెట్టిన ప్రాజెక్టులో, ఇంటర్నెట్‌లో చూసిన అలల ఎత్తును ఇక్కడ మైకులో చదివేవారు. అది విని జాలర్లు వేటకు వెళ్లాలో వద్దో తేల్చుకునేవారు.

సమాచారం అందింది, ఇప్పటి లోటు నైపుణ్యానిది. యజమానుల దగ్గరే పని నేర్పించే జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం (నాప్స్) 2016 ఆగస్టు 19న మొదలైంది. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా రూ.1,500 కేంద్రం భరిస్తుంది. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు 2.5–15 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలి.

అయితే సంస్థలున్న చోటే శిక్షణ ఉంటుంది. పుదుచ్చేరి పాలనలోనే ఉన్నా కాకినాడ పక్కనున్న మన యానాం లాంటి చిన్న ఊళ్లకు కేంద్రం వాటా పెంచాలి.