థియేటరులోని మాట

డాక్టరు అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరచిరి. అటువంటి మిషను ఆసుపత్రులలోనే మన ఆడపిల్లలనేకులు నర్సు పని నేర్చుకొనిరి. నేటికిని నర్సు అయిన కుమార్తెయో కోడలో ఉన్న కుటుంబములు మన సంఘములలో చాలా ఉన్నవి. రోగుల యెడల వారు చూపు దయను గూర్చి తరచుగా విందుము గాని, నర్సు తోటి నర్సుతో ఎట్లు మాటలాడునని మనము అడుగుట అరుదు. ఈ నెల ఆ సంగతినే, ముఖ్యముగా ఆపరేషన్ థియేటరులో జరుగు సంగతిని, ఆలోచింతము.

మేము చెప్పబోవునది కొట్లాటను గూర్చి కాదు. అడిగినదానికి బదులియ్యకపోవుట, కనుగ్రుడ్లు త్రిప్పుట, పరికరమును చేతిలో పెట్టక ట్రాలీ మీద ఠప్పున పడవేయుట, "నీకు ట్రైనింగు ఎవరిచ్చారమ్మా?" అని పదిమందిలో అడుగుట వంటివి. హాని చేయు తలంపు ఉన్నదో లేదో తేల్చలేని చిన్న అమర్యాద అని 1999లో ఆండర్సన్, పియర్సన్ అను పరిశోధకులు దీనిని వర్ణించిరి. ఆ తేల్చలేకపోవుటలోనే ఉన్నది చిక్కు. ఎవరైన ఫిర్యాదు చేయబోయినచో, "నేనేమన్నానని?" అను జవాబు సిద్ధముగా నుండును.

థియేటరులో ఇది మరింత గుచ్చుకొనును. ముఖములకు మాస్కులుండును గనుక చిరునవ్వు కనబడదు. కన్నులు, కంఠస్వరము మాత్రమే మిగులును. వార్డులోనైతే ప్రక్క మంచము దగ్గరకు తప్పుకొనవచ్చును, ఇక్కడ తప్పుకొను చోటు లేదు. సర్జనుగారు స్క్రబ్ నర్సును కసరును, ఆమె సర్క్యులేటింగు నర్సును కసరును, ఈమె ఆయాను కసరును. (సర్జనుగారిని ఎవరు కసరిరో మనకు తెలియదు.) "కొత్తలో మమ్మల్నీ ఇట్లాగే ఏడిపించారు" అని పెద్ద సిస్టర్లు కొందరు చెప్పుదురు. అది నిజమే కావచ్చును గాని, అందుచేత తరువాతివారిని ఏడిపించుట న్యాయమని మేము ఒప్పుకొనలేము.

థియేటరులో అనేక సంవత్సరములు పనిచేసిన ఒక సిస్టరుగారు తన తప్పును తానే మాతో చెప్పిరి. ఆసుపత్రి పేరు అవసరము లేదు. అది సిజేరియన్ ఆపరేషను. ఆమె స్క్రబ్బులో ఉండిరి; సర్క్యులేటింగుకు చేరి నెలయైనను కాని పిల్ల ఉండెను. రక్తము ఒత్తు గుడ్డలను, అనగా మాప్‌లను, మొదట ఇద్దరును పైకి లెక్కపెట్టి బోర్డు మీద వ్రాయుదురు. లోపల కుట్టుటకు ముందును, చర్మము కుట్టుటకు ముందును మరల లెక్కింతురు. ఆ దినము ఆ పిల్ల దారము తెచ్చుటలో ఆలస్యము చేయగా ఈమె ఒకసారి కసరిరి. తప్పు సైజు తేగా, "చదువు కొనుక్కున్నావా?" అని మరల అనిరి.

బోర్డు మీద పది. ఆ పిల్ల లెక్కకు తొమ్మిదే వచ్చినవి. ఆమె నోరు తెరువలేదు. బకెట్టులో వెదకెను, బల్ల క్రింద వంగి చూచెను, మరల లెక్కించెను, మరల తొమ్మిదే. ఇంతలో కుట్లు పడుచున్నవి. చివరకు మత్తు డాక్టరుగారు ఆమె చేతులు వణకుట చూచి, "ఏమైందమ్మా?" అని అడిగిరి. "ఒకటి తక్కువుంది సార్" అనెను. వేసిన కుట్లు విప్పి చూడగా, గర్భసంచి ప్రక్కన రక్తములో తడిసి ముద్దయైన మాప్ దొరికెను. నడుములో మత్తుసూది వేయించుకొనిన ఆ తల్లి మెలకువగానే ఉండి ఇదంతయు వినుచుండెను.

"లెక్క తప్పింది ఆ పిల్లకు కాదండీ. దాని నోరు మూయించింది నేను" అని సిస్టరుగారు మాతో అనిరి.

ఇది భయపడిన ఒక్క పిల్ల కథ మాత్రమే కాదు. 2015లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, ఇశ్రాయేలు దేశములో నెలలు నిండని శిశువులను చూచు 24 వైద్య బృందములను పరీక్షించిరి. ఒక బొమ్మ శిశువునకు అందరును చికిత్స చేయవలెను. కొన్ని బృందములతో బయటి నిపుణుడొకడు చులకనగా మాటలాడెను. ఆ మాటలు విన్నవారు రోగమును గుర్తించుటలోను, చేతిపనిలోను కూడ వెనుకబడిరి. వారు ఒకరితో ఒకరు సంగతులు పంచుకొనుటయు, సహాయమడుగుటయు తగ్గెను. పరువు తీయు మాట విన్న మనస్సు ఆ మాట చుట్టునే తిరుగును గనుక పనికి మిగులు ఆలోచన కొంచెమే.

రెండవ రాజుల గ్రంథములోని నయమాను సంగతి మనమెరిగినదే. అతడు సేనాధిపతి, కుష్ఠరోగి. స్వస్థత దొరకు చోటు అతని యింట చెప్పినది చెరపట్టి తెచ్చిన చిన్నపిల్ల. అతడు యొర్దాను మాట విని కోపించి తిరిగిపోవుచుండగా, ఆపి నచ్చచెప్పినవారు అతని దాసులే. అతడు కోపిష్ఠియే గాని, ఆ దాసులు ఇంకను అతని ఎదుట మాటలాడగలిగిరి. మేము ఈ అధ్యాయమును అనేకసార్లు చదివియు ఆ సంగతిని గమనింపలేదు. వారు నోరు మూసికొనియుండినయెడల అతడు కుష్ఠుతోనే ఇల్లు చేరియుండును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సలకు 19 అంశముల పట్టిక నొకటి తెచ్చినది. కోతకు ముందు అచ్చటనున్న ప్రతివారును తమ పేరును పనియు చెప్పవలెనని అందులో నున్నది; ముగింపున నర్సు లెక్కను పైకి చెప్పవలెను. పేరు చెప్పుటకై ఒకసారి నోరు తెరచినవారికి రెండవసారి తెరచుట సులభమగును. అయితే ఎవరిని ఏమియు అడుగకుండగనే టిక్కులు పెట్టి సంతకము చేయు చోట్లును ఉన్నవని విందుము. అట్టి కాగితము ఫైలుకు తప్ప రోగికి ఉపయోగపడదు.

ఆ సిస్టరుగారు ఇప్పుడు గౌను తొడుగుకొనకముందే కొత్త పిల్ల పేరు అడుగుదురు. "లెక్క తేడా వస్తే నాకు వినబడేట్టు గట్టిగా చెప్పు తల్లీ. నేను విసుక్కున్నా సరే, చెప్పు" అందురట. విసుగు పూర్తిగా పోలేదని ఆమెయే ఒప్పుకొనిరి. ఆనాటి పిల్ల మాత్రము ఆ నెలాఖరుననే థియేటరు మానుకొని వార్డుకు మారిపోయెను. క్షమాపణ చెప్పుటకు వెళ్లితిరా అని మేము అడుగగా, సిస్టరుగారు కొంతసేపు మాటలాడక, "ఇంకా లేదండీ" అనిరి.

వచ్చు స్త్రీల సమాజ కూటమునకు రెండవ రాజులు 5వ అధ్యాయము చదువుకొని రావలెను. నర్సులైన సహోదరీలు డ్యూటీ చూచుకొని తప్పక రండి. ఆ దినమున మేము మాటలాడుట తగ్గించి, వారు చెప్పునది విందుము.