సంకల్పంలోని మహాసంఖ్య

ఆలయంలో అర్చన చేయించుకొనే ప్రతి భక్తుడూ సంకల్పంలో శ్వేతవరాహకల్పాన్ని, వైవస్వత మన్వంతరాన్ని, కలియుగ ప్రథమపాదాన్ని స్మరిస్తాడు. ఈ మాటల వెనుక ఒక మహాసంఖ్య ఉన్నది. అది 4,32,00,00,000. ఇన్ని సంవత్సరాలు ఒక కల్పం. అనగా బ్రహ్మదేవునికి ఒక పగలు.

ఉద్యోగ విరమణానంతరం తడలో మా ఇంటి అరుగుమీద సాయంవేళ పిల్లలకు సంకల్పం నేర్పుతుంటాను. ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలిక, “తాతగారూ, మనువులు 14 మంది, ఒక్కొక్కరికి 71 మహాయుగాలు అన్నారు. గుణిస్తే 994 వస్తున్నది. కల్పానికి వెయ్యి అన్నారు కదా, తక్కిన ఆరూ ఏమైనవి?” అని అడిగింది. యాభై ఏండ్లుగా నోటికి వచ్చిన పాఠమే. ఒక్కనాడైనా గుణించి చూసినవాణ్ణి కాను. “రేపు చెబుతాను తల్లీ” అని, ఆ రాత్రి సూర్యసిద్ధాంతం తీసి కూర్చున్నాను.

కలియుగం 4,32,000 సంవత్సరాలు. దానికి రెండింతలు ద్వాపరం, మూడింతలు త్రేత, నాలుగింతలు కృతం. నాలుగూ కలిస్తే కలికి పదింతలు, అనగా 43,20,000. అదే మహాయుగం. అట్టివి వెయ్యి అయితే కల్పం.

ఈ కల్పసంఖ్యను విడదీస్తే 2, 3, 5 అనే మూడు ప్రధాన సంఖ్యలే కనబడతాయి. రెండు 11 మార్లు, మూడు 3 మార్లు, అయిదు 7 మార్లు. అందులో ఏడు లేదు. పద్నాలుగుగురికి నిశ్శేషంగా పంచాలంటే ఏడు ఉండి తీరాలి. కనుక శేషం తప్పదు. విష్ణుపురాణం మన్వంతరాన్ని డెబ్బది యొకటికి కించిదధికమని చెప్పినది.

ఆ శేషం ఏమైనది? ఆరు మహాయుగాలంటే 2,59,20,000 సంవత్సరాలు. కృతయుగ ప్రమాణమైన 17,28,000 చేత భాగిస్తే సరిగ్గా 15. కల్పారంభంలో ఒక సంధి, ప్రతి మన్వంతరాంతంలో ఒక సంధి, వెరసి 15 సంధులు. ఒక్కొక్క సంధి కృతయుగమంత కాలమనీ, మన్వంతరాంత సంధిలో జలప్రళయమనీ సూర్యసిద్ధాంతం చెబుతున్నది. లెక్క వెయ్యికి నిండినది.

ఆర్యభటుడు వేరొక దారి పట్టాడు. మనువుకు 72 మహాయుగాలు చెప్పి కల్పాన్ని 1008 చేశాడు. శేషం లేదు, సంధులూ లేవు. ఇది స్మృతులకు విరుద్ధమని బ్రహ్మగుప్తుడు ఆక్షేపించాడు.

మరునాడు ఇదంతా చెప్పాను. ఆ బాలిక నా మాట నమ్మి ఊరకుండలేదు. పలకమీద తానే భాగించి, 15 వచ్చిన తరువాతనే తల ఊపింది. అటుపిమ్మట కలిని నాలుగు పాదాలు చేసి, “పాదానికి 1,08,000. గడిచినవి అయిదు వేల పైచిలుకే. అందుకే ప్రథమపాదం అంటున్నాం కదా తాతగారూ!” అన్నది.

భక్తులారా, ఈసారి సంకల్పం చెప్పుకొనేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొనండి. వారు ప్రశ్నిస్తే విసుగుకొనకండి. నేను యాభై ఏండ్లు పలికిన మాటకు అర్థం ఆ పలకమీదనే చూశాను.