పిల్లలకు అద్దం మనమే



అబద్ధం గురించి రాహులుడికి చెప్పాల్సి వచ్చినప్పుడు బుద్ధుడు కొట్టలేదు, తిట్టలేదు. పాత్ర అడుగున మిగిలిన కాసిని నీళ్లు చూపించి చెప్పాడు. అద్దంలో ముఖం చూసుకున్నట్టే, ప్రతి పనినీ చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక కూడా చూసుకోమన్నాడు.

మన పిల్లలకు అద్దం మనమే. నాన్న తాగి వచ్చిన రాత్రి పిల్లాడు పుస్తకం తెరవలేడు. "నీకు చదువెందుకురా" అన్న మాట దెబ్బకన్నా లోతుగా దిగుతుంది.

సతారా బడిలో చిన్న భీమ్‌రావు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. ప్యూన్ పోస్తేనే నీళ్లు. కానీ ఇంట్లో తండ్రి రామ్‌జీ చదువుకు అండగా నిలిచాడు. బడి దూరం పెట్టిన పిల్లాణ్ణి ఇల్లు నిలబెట్టింది.

తల్లిదండ్రుల బాధ్యతలు ఐదని సిగాలోవాద సుత్తం చెబుతుంది. అందులో మొదటివి: చెడు నుంచి ఆపడం, మంచికి నడిపించడం, విద్య నేర్పించడం. ఆపడమంటే కొట్టడం కాదు. బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కూడా నిషేధించింది.

ఈ వారం అభ్యాసం: రాత్రి అన్నం దగ్గర ఫోన్లు పక్కన పెట్టండి. మార్కులు కాదు, "ఈ రోజు ఎవరైనా నిన్ను నొప్పించారా?" అని అడగండి. చెప్పేది పూర్తిగా వినండి. మనసు బాగా కుంగితే టెలి మానస్ 14416కి, పిల్లలు ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చెయ్యండి.

ఒక ఆదివారం నర్సీపట్నం నుంచి పిల్లల్ని అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండకు తీసుకెళ్లండి. మన జిల్లాలోనే ఉన్న ధమ్మ చరిత్రను కళ్లారా చూస్తారు.