ఏకుల బుట్టంత కథ

బిడ్డా,

గోల్నాకలో గది, క్యాంపస్‌లో క్లాసులు, మళ్లీ గది. ఇందులో కథ ఎక్కడుంది పెద్దమ్మా అని అడిగావు. కథ దేని గురించో దాన్ని మనం 'వస్తువు' అంటాం. గిన్నెనూ, చెప్పునూ అదే మాటతో పిలుస్తాం. తెలుగు కథకుల్లో చాలామంది ఈ రెంటినీ వేరు చేసి చూడలేదు.

నీ గదికి దగ్గర్లోనే దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాలనీ. అక్కడి 'అన్వేషి' స్త్రీల పరిశోధన కేంద్రంలో కథకురాలు గోగు శ్యామల ఏళ్ల తరబడి పనిచేశారు. 1985లో మొదలైన ఆ సంస్థ అంతకుముందు ఉస్మానియా క్యాంపస్‌లో ఉండేది. ఆమె సొంతూరు తాండూరు దగ్గరి పెద్దేముల్. ఆ ప్రాంతపు మాదిగ వాడ బతుకే ఆమె కథలు. 2012లో ఇంగ్లిష్‌లో వచ్చిన ఆమె సంపుటానికి పేరు ఇచ్చింది ఒక సామెత: ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం. ఏకులంటే వడకడానికి సిద్ధం చేసిన దూది. ఒంటిచేత్తో లేపగలిగే ఆ బుట్ట ఏనుగుకు ఎదురు నిలిచింది! సామెత కట్టిన మనిషి తల్లిని దేనితో పోల్చాలా అని ఎక్కడో వెతకలేదు. రోజూ ఒళ్లో పెట్టుకునేదే చేతికందింది.

కథకుడు చాసోను చదువు. 'వాయులీనం'లో భార్య వైద్యం కోసం ఆమె వాయులీనమే అమ్ముడుపోతుంది. అది ఖరీదైన వస్తువు, సరే. 'కుంకుడాకు'లో మాత్రం రాలిన ఆకు. పొయ్యిలోకి ఆ ఆకు ఏరుకునే పేదపిల్ల ఒకవైపు, చదువుకునే పిల్ల ఇంకోవైపు. బజారులో పైసా చేయని ఆకు మీద అంత గొప్ప కథ నిలబడింది. వస్తువు విలువ ధరలో లేదు, దాని అవసరం ఎవరికి ఎంత అన్నదాంట్లో ఉంది.

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో రెండో బహుమతి వచ్చింది. తుపాను రాత్రి, రైల్వే స్టేషన్, ఒక బిచ్చగత్తె, ఒక పర్సు. ఇంతే సరంజామా.

మన చుట్టూ ఉన్న చోట్ల సంగతీ అంతే. తార్ అంటే తీగ, నాకా అంటే కావలి చౌకీ. తీగ కంచె వేసిన తోటకు కావలి ఉన్న చోటు కనుక తార్నాక అయిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇప్పుడా కంచె లేదు, తోట లేదు, పేరు మాత్రం బస్సుల బోర్డుల మీద తిరుగుతోంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. దాని గురించి రాయమంటే అందరూ నిజాం దగ్గరే మొదలుపెడతారు. నువ్వు దాని మెట్ల మీద పొద్దుపోయేదాకా నోట్సు ముందేసుకుని కూర్చునే పిల్లల దగ్గర మొదలుపెట్టు. వాళ్ల బ్యాగుల్లో ఏముంటుంది? ఏ పరీక్ష పుస్తకం, ఎన్నోసారి కొన్నది, అట్ట ఊడితే దేనితో అంటించారు?

ఏ వస్తువునైనా వర్ణన కోసం చూడకు. ఆ వస్తువు ఎవరు కొన్నారు, ఎవరు వాడారు, ఎందుకు పారేయలేకపోయారు అని అడుగు. దాన్ని వాడేవాళ్లు ఏమని పిలుస్తారో ఆ మాటే రాయి, పుస్తకంలో మాట వద్దు.

మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు. ఎవరి పెళ్లికి ఎవరు పెట్టారో, ఏ తేదీనో అంచు మీదే ఉంటుంది. కొన్నింటి మీద పోయినవాళ్ల పేర్లుంటాయి. అవి రోజూ అన్నంతో నిండుతూనే ఉంటాయి.

గది అటక మీద ఇంతకుముందున్నవాళ్లు వదిలేసిన టిఫిన్ డబ్బా ఉందని పోయిన ఉత్తరంలో రాశావు. తోమి, వెలుతురులోకి తెచ్చి చూడు. మూత మీద ఏ పేరుంది, ఏ తేదీ ఉంది? దాన్ని వదిలేసి పోయినవాళ్లు మళ్లీ వచ్చి అడిగారా? వచ్చే ఉత్తరంలో ముందు అదే రాయి.

మీ పెద్దమ్మ,
తార్నాక